మన జీవాలు విదేశం పోతాయా? సబ్సిడీలు, ఎగుమతులు, పొరుగు దేశాల వ్యాపారంపై తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, శ్రీ సత్యసాయి, కర్నూలు జిల్లాల్లో గొర్రెల పెంపకందార్ల సంఘాల మీటింగులకు పోతుంటాను. కాగితాలు నింపడం, లెక్కలు రాయడం నా పని. పెనుకొండ అయినా పత్తికొండ అయినా అడిగేవి అవే ప్రశ్నలు. ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. అడిగిన వాళ్ల మాటల్లోనే ప్రశ్నలు ఉంచాను. మీకు కావలసిన దాని దగ్గరికి నేరుగా పోయి చదువుకోవచ్చు.

## మొదట తేల్చుకోవలసినవి

విదేశాలకు గొర్రెలు పంపితే తలకు ఇంత అని గవర్నమెంటు సబ్సిడీ ఇస్తుందంట, నిజమేనా?

నిజం కాదు. ఎగుమతి చేసిన గొర్రెకో మేకకో తలకింత అని రైతుకు డబ్బు ఇచ్చే పథకం ఏదీ లేదు. సబ్సిడీ ఉన్నది పెంపకానికి: షెడ్డుకు, జీవాలు (గొర్రెలు, మేకలు) కొనడానికి, గడ్డికి, బీమాకు, టీకాలకు. అంటే గవర్నమెంటు డబ్బు మీ రొప్పం (గొర్రెల దొడ్డి) దాకా వస్తుంది, ఓడ దాకా పోదు. ఈ రెంటినీ కలిపి చెప్పే ఏజెంట్లు ఊళ్లలో తిరుగుతున్నారు. వాళ్లు చూపించే కాగితం చాలాసార్లు నిజమైన పథకానిదే ఉంటుంది, చెప్పే కథ మాత్రం వేరేది.

ఎగుమతికి సబ్సిడీ ఎందుకివ్వరు? మన గవర్నమెంటు మన రైతుకిస్తే బయటివాళ్లకేం నొప్పి?

నొప్పి ఉంది. ఒక దేశం డబ్బు పోసి తన సరుకును చౌకగా పక్క దేశంలో దింపితే, అక్కడి రైతు మునుగుతాడు. అందుకే ప్రపంచ వాణిజ్య సంస్థలోని దేశాలు 2015 డిసెంబరులో నైరోబీలో కూర్చుని వ్యవసాయ ఎగుమతి సబ్సిడీలు ఎత్తేయాలని ఒప్పుకున్నాయి. ధనిక దేశాలు కొన్ని మినహాయింపులతో వెంటనే, మనలాంటి దేశాలు 2018 చివరికల్లా. రవాణా, మార్కెటింగు ఖర్చులకు ఇచ్చే సాయానికి మాత్రం మనకు 2023 చివరిదాకా గడువు దొరికింది.

వ్యవసాయం బయట కూడా దెబ్బ తగిలింది. మన ఎగుమతిదారులకు ఇచ్చే కొన్ని ప్రోత్సాహకాల మీద అమెరికా అదే సంస్థలో కేసు వేసింది. 2019 అక్టోబరులో ఆ సంస్థ విచారణ ప్యానెల్ మనకు వ్యతిరేకంగా చెప్పింది. 2021 జనవరి 1 నుంచి పాత పథకం స్థానంలో రోడ్‌టెప్ వచ్చింది. అది సబ్సిడీ కాదు. సరుకు తయారీలో ఎక్కడెక్కడో కట్టి, వేరే ఏ దారిలోనూ తిరిగి రాని పన్నులను ఎగుమతిదారుకు వెనక్కి ఇవ్వడం. అది కంపెనీ ఖాతాలో పడుతుంది, గొర్రె మేపినవాడికి కాదు.

షెడ్డు కట్టుకోవడానికి, జీవాలు కొనడానికి అభివృద్ధి చెందుతున్న దేశాలు తమ రైతులకు ఇచ్చే పెట్టుబడి సబ్సిడీకి ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల్లోనే వెసులుబాటు ఉంది. మన పథకాలన్నీ ఆ రూపంలో ఎందుకున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

రాష్ట్రంలో గొర్రెలు ఎక్కువున్నది మన జిల్లాలోనే కదా, మరి ఇక్కడి నుంచి ఎగుమతి ఎందుకు లేదు?

అందరూ అడిగే ప్రశ్న, ఎవరూ లెక్క వేసి చూడని ప్రశ్న. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు సుమారు 1 కోటి 76 లక్షలు. తెలంగాణ తర్వాత దేశంలో మనదే రెండో స్థానం, అందులో ఉమ్మడి అనంతపురం జిల్లాదే పెద్ద వాటా. కానీ దేశం మొత్తం నుంచి 2022-23లో బయటికి పోయిన గొర్రె, మేక మాంసం సుమారు 9,600 టన్నులు మాత్రమే. విలువ సుమారు 537 కోట్లు. అదే ఏడాది గేదె మాంసం ఎగుమతి దాదాపు 11.75 లక్షల టన్నులు.

ఇప్పుడు 537 కోట్లను 9,600 టన్నులతో భాగించండి. కిలోకు 560 రూపాయలు వస్తుంది. మన ఊళ్లో కొట్టు దగ్గర కిలో మటన్ ఏడెనిమిది వందలు. ఒకటి ఓడ ఎక్కేచోట టోకు ధర, ఇంకొకటి చిల్లర ధర కాబట్టి ఈ పోలిక అచ్చంగా సరిపోదు. అయినా సంగతి తెలుస్తుంది: బెంగళూరు, హైదరాబాదు, చెన్నై తినేవాళ్లు ఇచ్చే ధర దుబాయ్ ఇవ్వడం లేదు. ఆస్ట్రేలియా, సోమాలియా, సూడాన్ గల్ఫ్ మార్కెట్లో మనతో పోటీలో ఉన్నాయి. మన పొట్టేలు బయటికి పోకపోవడానికి మొదటి కారణం ఆఫీసర్లు కాదు, మన ఇంటి ఆదివారం కూర.

గేదె మాంసం సంగతి వేరు. దేశంలో తినేవాళ్లు తక్కువ, పాడి వల్ల పశువులు ఎక్కువ, ధర తక్కువ. అందుకే అది బయటికి పోతుంది.

## పెంచే దశ

నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో యాభై లక్షలు ఇస్తారంట కదా?

యాభై లక్షలు గరిష్ఠం. అందరికీ కాదు. 2021-22లో మార్చిన పథకం ప్రకారం ప్రాజెక్టు ఖర్చులో 50 శాతం సబ్సిడీ, మీరు పెట్టే యూనిట్‌ను బట్టి పైపరిమితి. 100 ఆడ జీవాలు, 5 పొట్టేళ్లు పెడితే 10 లక్షల దాకా. 200కి 10 అయితే 20 లక్షలు. అలా పెరుగుతూ 500కి 25 అయితే 50 లక్షలు.

ఖర్చులో సగం అన్నమాట మరవద్దు. వంద జీవాల యూనిట్‌కు ప్రాజెక్టు 14 లక్షలే అయితే మీకొచ్చేది 7 లక్షలు, 10 కాదు. భూమి కొనడానికి, లీజు అద్దెకు, సొంత బండికి, రోజువారీ ఖర్చుకు ఈ డబ్బు వాడకూడదు. భూమి సొంతదైనా లీజుదైనా పరవాలేదు. ఒంటరిగా పెట్టుకోవచ్చు, స్వయం సహాయక సంఘంగానో రైతు ఉత్పత్తిదారుల సంస్థగానో పెట్టుకోవచ్చు.

దరఖాస్తు ఆన్‌లైన్లో ఉద్యమిమిత్ర పోర్టల్లో. పశుసంవర్ధక శాఖ చూస్తుంది, బ్యాంకు లోన్ మంజూరు చేస్తుంది, రాష్ట్ర కమిటీ సిఫార్సు చేస్తుంది, ఢిల్లీ ఒప్పుకుంటుంది. ఇవన్నీ వరసగా జరగాలి.

సబ్సిడీ ముందే ఖాతాలో పడుతుందా?

పడదు. రెండు విడతలుగా వస్తుంది, రెండూ పని మొదలయ్యాకే. మొదటిది పని కొంత నడిచాక, రెండోది యూనిట్ పూర్తయి ఆఫీసర్లు వచ్చి చూసుకున్నాక. మధ్యలో బ్యాంకు లోన్ మీద వడ్డీ మీదే.

మా బంధువుల అబ్బాయి ఒకడు సబ్సిడీ వస్తుందన్న ధైర్యంతో అయిదు రూపాయల వడ్డీకి తెచ్చి షెడ్డు వేశాడు. ఒక ఆఫీసులో ఫైలు ఒక ఫొటో తక్కువని రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఆ టెన్షన్లో ఇరవై గొర్రెలు తక్కువకు అమ్ముకున్నాడు. సబ్సిడీ చివరికి వచ్చింది, అప్పటికి వడ్డీ దాన్ని చాలావరకు మింగేసింది. బ్యాంకు లోన్ చేతికి రాకముందు ఇటుక కొనొద్దని నేను అందరికీ చెప్పేది అందుకే. షెడ్డు పునాది నుంచి ప్రతి దశకూ ఫొటో తీసి పెట్టుకోండి, బిల్లులు జీఎస్టీవే తీసుకోండి.

నాకున్నవి ఇరవై గొర్రెలు. మాలాంటివాళ్లకేముంది?

కిసాన్ క్రెడిట్ కార్డు. 2018-19 నుంచి పశుపోషణకు కూడా ఇస్తున్నారు. జీవాల పోషణకు 2 లక్షల దాకా వడ్డీ రాయితీతో దొరుకుతుంది, టైముకు కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది. చాలా బ్రాంచీల్లో "పొలం పాసుబుక్కు తెండి" అంటారు. జీవాలకు ఇచ్చే కార్డు అని గట్టిగా చెప్పి, పశువైద్యుడి దగ్గర జీవాల సంఖ్యకు కాగితం రాయించుకుని పోండి.

బీమా ఇంకోటి. 2024లో మార్చిన నిబంధనల ప్రకారం ప్రీమియంలో మన వాటా 15 శాతమే, మిగతాది కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. ఒక కుటుంబానికి వంద గొర్రెలు, మేకల దాకా చేయించవచ్చు. చచ్చిన గొర్రె చెవి కోసి ట్యాగుతో సహా చూపించమంటారు, కాబట్టి ట్యాగు ఊడితే వెంటనే మళ్లీ వేయించండి.

చెవికి పోగు వేస్తే జీవానికి చీము పడుతుంది. వేయించుకోకపోతే ఏం?

వేయించుకోకపోతే బీమా లేదు, టీకా రికార్డు లేదు, రేపు ఏ ఎగుమతి కంపెనీ కూడా మీ మందను పుస్తకంలో రాసుకోదు. పన్నెండు అంకెల ఆ నంబరు మీ జీవానికి ఆధార్ లాంటిది. వానాకాలంలో వేయించకండి, వేశాక వేపనూనెలో పసుపు కలిపి రాయండి. మా వైపు కాపరులు చేసేది అదే, చీము పట్టడం తగ్గుతుంది.

చిటుకు రోగం వచ్చినా ఎగుమతి ఆగుతుందా?

చిటుకు (పేగుల్లో విషం పుట్టి జీవం ఉన్నపళంగా చచ్చే రోగం) మీ నష్టం, దేశం సమస్య కాదు. కొనే దేశాలు భయపడేది గాలికుంటు, పీపీఆర్ (గొర్రెలు, మేకలకు వచ్చే ప్లేగు), బొబ్బరోగం (గొర్రె మశూచి) లాంటివాటికి. ఇవి ఒక మంద నుంచి ఇంకో మందకు అంటుకుంటూ సరిహద్దు దాటుతాయి. మన దేశంలో గాలికుంటు ఇంకా ఉంది. ఆ ఒక్క కారణంతో చాలా దేశాలు మన మాంసానికి తలుపు వేసేస్తాయి, లేదా ఎముక తీసిన మాంసమే పంపమంటాయి.

2019 సెప్టెంబరులో కేంద్రం 13,343 కోట్లతో జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. గాలికుంటు టీకా గొర్రెలకు, మేకలకు కూడా అందులో ఉంది. పీపీఆర్‌ను ప్రపంచం మొత్తం 2030 నాటికి లేకుండా చేయాలని లక్ష్యం. టీకా వేసేవాళ్లు వచ్చినరోజు మంద కొండకు పోయిందని పంపించేస్తే, నష్టం మన ఒక్కరి రొప్పంతో ఆగదు.

## అమ్మే దశ

తెలంగాణ స్కీము వచ్చినప్పుడు మన సంతలో ధర ఎందుకు పెరిగింది?

సబ్సిడీ పక్క ఊరి సంతను ఎలా కదిలిస్తుందో అర్థం చేసుకోవడానికి దీనికి మించిన పాఠం లేదు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు యూనిట్‌గా, 75 శాతం సబ్సిడీతో పంచడం మొదలుపెట్టింది. యూనిట్ ధర మొదట 1 లక్షా 25 వేలు. గొర్రెల్ని తమ రాష్ట్రంలో కాకుండా బయట కొనాలని నిబంధన. అంటే ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర లాంటి చోట్ల. ఆ డబ్బు మన సంతల్లోకి వచ్చి పడింది.

అమ్ముకున్నవాడికి బాగుంది. కొత్తగా మంద కట్టుకోవాలనుకున్నవాడికి గొర్రె అందనంత దూరం పోయింది. ఈనే ఈడున్న గొర్రెలు పోయి, మన మందల్లో పిల్లలు తగ్గినచోట్లూ ఉన్నాయి. అక్కడ సబ్సిడీ ఇస్తే ఇక్కడ ధర పెరిగింది. రెండు రాష్ట్రాల మధ్యే ఇట్లా ఉంటే రెండు దేశాల మధ్య ఎట్లుంటుందో ఊహించుకోండి.

లారీకి ఎన్ని జీవాలు ఎక్కించొచ్చు?

1978 నాటి జంతు రవాణా నిబంధనల ప్రకారం నాలుగున్నర, ఐదు టన్నుల లారీకి 40 గొర్రెలు లేదా మేకలు. అంతకు మించకూడదు. పొట్టేళ్లను, ఆడవాటిని ఒకే అరలో వేయకూడదు. పశువైద్యుడి సర్టిఫికెట్ దగ్గరుండాలి. మనవాళ్లు ఎన్నింటిని కుక్కుతారో హైవే మీద పోయే ఎవరికైనా తెలుసు. బెంగళూరు చేరేలోపు మూడు చస్తే మిగిలిన లాభం ఏమిటో లెక్క వేసుకోండి.

కంటి లెక్కా, కాటానా? ఏది మేలు?

కాటా. తుండు గుడ్డ కింద వేళ్లు పట్టుకుని జతకింత అని తేల్చే బేరం చూడడానికి బాగుంటుంది, దళారికి ఇంకా బాగుంటుంది. ప్రాణంతో 25 కిలోలు తూగే పొట్టేలు కోస్తే 11, 12 కిలోల మాంసం వస్తుంది. ఈ ఒక్క లెక్క నోటికి వస్తే బేరంలో మీరు మోసపోరు. బక్రీదుకు మాత్రం కాటా పనికిరాదు. అప్పుడు చూసేది కొమ్ము, రంగు, నిలువు. పళ్లు వేసిందా లేదా, అంటే వయసు ఎంతన్నది. ఒంటి మీద గాయం, విరిగిన కొమ్ము ఉంటే ధర సగం.

## బయటి దేశానికి పంపే దశ

ప్రాణంతో ఉన్న గొర్రెల్ని దుబాయ్‌కి పంపొచ్చా?

కాగితం మీద గొర్రెలు, మేకల ఎగుమతికి నిషేధం లేదు. నడిచిన దారి మాత్రం గుజరాత్‌లోని తూనా రేవు. అక్కడి నుంచి గల్ఫ్‌కు జీవాలు పోయేవి. 2018లో ఆ రేవు మీద నిషేధాలు, కోర్టు కేసులు వరసగా నడిచాయి. అదే ఏడాది జూన్ చివర్లో నాగపూర్ నుంచి షార్జాకు విమానంలో గొర్రెలు, మేకలు పంపే ఏర్పాటు జరిగింది. జైన సంఘాలు అభ్యంతరం చెప్పడంతో ఆఖరి నిమిషంలో ఆగిపోయింది. 2023 జూన్‌లో జీవాల ఎగుమతి, దిగుమతులపై కొత్త బిల్లు ముసాయిదా పెట్టి, నిరసనలు రాగానే రెండు వారాల్లోపే కేంద్రం వెనక్కి తీసుకుంది.

ఇది మన దేశం ఒక్కదాని గొడవ కాదు. ఆస్ట్రేలియా 2028 మే 1 నుంచి ఓడల్లో ప్రాణమున్న గొర్రెల ఎగుమతి ఆపేస్తూ 2024లో చట్టం చేసింది. నా అభిప్రాయం అడిగితే, ఈ దారిని నమ్ముకుని మంద పెంచవద్దు. ఎప్పుడు తెరుస్తారో ఎప్పుడు మూస్తారో పెంచేవాడి చేతిలో లేదు.

మరి మాంసం ఎట్లా పోతుంది? మనం చేయొచ్చా?

మాంసం అపెడాలో రిజిస్టరైన ప్లాంటు నుంచే పోవాలి. ఊరి కబేళాలో కోసినది పోదు. అపెడా అంటే 1986 నుంచి పనిచేస్తున్న కేంద్ర వ్యవసాయ ఎగుమతుల సంస్థ. కోతకు ముందు, తర్వాత పశువైద్యుడి పరీక్ష ఉంటుంది. గల్ఫ్ దేశాలకు, మలేషియా, ఇండోనేషియా, బంగ్లాదేశ్ లాంటి వాటికి హలాల్ అని పంపాలంటే, 2024 అక్టోబరు నుంచి మన ప్రభుత్వం గుర్తించిన సంస్థ సర్టిఫికెట్ తప్పనిసరి.

గొర్రె మాంసం ఎక్కువగా గల్ఫ్‌కే పోతుంది. మన దగ్గరి విమానాశ్రయాలు దేవనహళ్లి, శంషాబాద్. ప్రాణమున్న జీవాల విషయంలో క్వారంటైన్ కేంద్రాలు దేశంలో ఆరు, వాటిలో బెంగళూరు, హైదరాబాదు, చెన్నై మనకు దగ్గర. అంటే దూరం మన సమస్య కాదు. చల్లని గది, కోత ప్లాంటు, వారం వారం ఒకే బరువున్న వందల పొట్టేళ్లు ఇవ్వగలగడం, ఇవే సమస్య. ఒక మనిషి వల్ల కాదు, సంఘం వల్ల అవుతుంది.

మా సంఘమే మాంసం ప్లాంటు పెట్టుకుంటే ఎంత సాయం?

పశుసంవర్ధక మౌలిక సదుపాయాల నిధి అని 2020లో 15,000 కోట్లతో మొదలైంది. మాంసం ప్లాంటు కూడా అందులో వస్తుంది. ఖర్చులో 90 శాతం దాకా లోన్, వడ్డీలో 3 శాతం కేంద్రం భరిస్తుంది, అసలు కట్టనక్కర్లేని రెండేళ్ల మారటోరియంతో కలిపి ఎనిమిదేళ్లలో కట్టాలి. 2024లో పొడిగించినప్పుడు 2025-26 దాకా అన్నారు, కాబట్టి ఇప్పటి పరిస్థితి బ్యాంకులో అడిగి కదలండి.

యంత్రాలు బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకునే పథకం వేరే ఉంది. కానీ కట్టకుండా మిగుల్చుకున్న సుంకానికి ఆరు రెట్ల విలువైన సరుకు ఆరేళ్లలో ఎగుమతి చేసి చూపించాలి. చూపించలేకపోతే సుంకం వడ్డీతో కట్టాలి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కొనేవాడు దొరకకముందే ఆ సంతకం పెట్టకండి.

ఎగుమతి లైసెన్సు తీసుకోవడానికి ఎంత ఖర్చు?

ఐఈసీ నంబరుకు (ఎగుమతి, దిగుమతిదారు కోడ్) ఫీజు 500 రూపాయలు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉంటే ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వివరాలు సరిచూసి అప్‌డేట్ చేయాలి, లేకపోతే నంబరు నిలిచిపోతుంది. మాంసానికైతే అపెడా రిజిస్ట్రేషన్ అదనం. ఇది ఇరవై వేలు, ముప్పై వేలు అని చెప్పేవాడు తన ఫీజు చెబుతున్నాడు.

తోళ్లు, ఉన్ని సంగతేంటి?

మన తోళ్లు ఎక్కువగా తమిళనాడు పోతాయి: రాణిపేట, వాణియంబాడి, ఆంబూరు తోళ్ల ఫ్యాక్టరీలకు. పచ్చి తోలు మీద ఎగుమతి సుంకం ఉంది, అంటే బయటికి పోనీయకుండా ఇక్కడే చెప్పులు, బ్యాగులు చేయించాలని ప్రభుత్వం ఉద్దేశం. 2025 బడ్జెట్లో సగం పదును చేసిన క్రస్ట్ తోలు మీదున్న 20 శాతం సుంకం తీసేశారు. ఆ లాభం ఫ్యాక్టరీకి చేరింది. చర్మం అమ్మే మనిషికి ఎంత చేరిందో మీ ఊరి కసాయిని అడగండి, నవ్వుతాడు.

ఉన్ని విషయం చెప్పాలంటే బాధే. దక్కని గొర్రె ఉన్నితో కురుబల ఇళ్లలో కంబళ్లు నేసేవాళ్లు. ఇప్పుడు కత్తిరించినవాడికే మనం డబ్బివ్వాలి.

## పొరుగు దేశాలు

బంగ్లాదేశ్‌కు పశువులు పోయేవి కదా, ఎందుకు ఆగింది?

పోయేవి, చాలావరకు దొంగచాటుగా. 2014 తర్వాత కేంద్రం సరిహద్దులో కట్టడి పెంచింది. అక్కడ మొదట మాంసం ధర ఎక్కింది, తర్వాత వాళ్లే కోడెల్ని కొని బలిపించే పనిలోకి దిగారు. ఇప్పుడు బక్రీదుకు కావలసిన పశువులు తమ దగ్గరే ఉన్నాయని ఆ ప్రభుత్వం ఏటా చెబుతుంది. మనం ఆపడంతో వాళ్ల రైతు నిలబడ్డాడు.

తర్వాత కథ తిరగబడింది. మన గేదె మాంసం గడ్డకట్టించి పంపుతుంటే, 2022లో వాళ్ల దిగుమతి నిబంధనల్లో పశుసంవర్ధక శాఖ ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. అక్కడి పెంపకందార్లు తమ ధర పడిపోతోందని ఒత్తిడి తెచ్చారు. 2025లో నూలు, బట్టల మీద రెండు దేశాలూ ఒకదానికొకటి భూమార్గాలు మూసుకున్నాయి. అలాంటి వాతావరణంలో మాంసానికి తలుపు తెరుచుకుంటుందని నేను అనుకోను.

నేపాల్‌కు సుంకం లేదంట, మన పొట్టేళ్లు పంపొచ్చా?

భారత్, నేపాల్ వాణిజ్య ఒప్పందంలో రెండువైపులా మామూలు కస్టమ్స్ సుంకం లేని వస్తువుల జాబితా ఉంది. జంతువులు, పక్షులు, చేపలు అందులో ఉన్నాయి. దశమి పండుగకు, వాళ్లు దశైం అంటారు, మేకలు బాగా పోతాయి. కానీ పోయేవి ఉత్తరప్రదేశ్, బీహార్ వైపువి. అనంతపురం నుంచి ఆ సరిహద్దు దాదాపు రెండు వేల కిలోమీటర్లు. పైగా వాళ్లకు కావలసింది మేక, మనదగ్గర ఎక్కువున్నది గొర్రె. సుంకం లేకపోయినా సరిహద్దులో ఆరోగ్య తనిఖీ ఉంటుంది. 2014లో నేపాల్‌లో జంతుబలులు జరిగే గఢీమాయి జాతరకు ముందు, లైసెన్సు లేకుండా పశువుల్ని నేపాల్‌కు పోనీయవద్దని మన సుప్రీంకోర్టు చెప్పింది.

శ్రీలంక, మాల్దీవులు దగ్గరే కదా?

వాళ్లు మన దగ్గర కొనేది ముఖ్యంగా గుడ్లు. 2023లో శ్రీలంకలో గుడ్డు ధర మండిపోతే మన దేశం నుంచి తెప్పించుకున్నారు. మాల్దీవులకైతే 1981 నాటి ఒప్పందం కింద ఏటా కోటా ఇస్తాం. 2024-25కి ఇచ్చిన గుడ్ల కోటా 42 కోట్ల 75 లక్షలు. అప్పుడు రెండు దేశాల మధ్య మాటలు ఏమంత బాగాలేవు, అయినా కోటా తగ్గించలేదు, పెంచారు. తిండి సరుకుతో స్నేహం నిలబెట్టుకోవడం అంటే అదే. గొర్రెకు అక్కడ చెప్పుకోదగిన మార్కెట్ లేదు.

పాకిస్తాన్‌తో?

ఏమీ లేదు. 2019 ఫిబ్రవరిలో మనం 200 శాతం సుంకం వేశాం, ఆగస్టులో వాళ్లు వ్యాపారం ఆపారు, 2025 ఏప్రిల్‌లో అట్టారి సరిహద్దు గేటు కూడా మూతపడింది.

ఆస్ట్రేలియా మటన్ సుంకం లేకుండా వస్తోందంట, మన ధర పడిపోతుందా?

2022 డిసెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చిన ఒప్పందంలో ఆస్ట్రేలియా గొర్రె మాంసం మీద 30 శాతం సుంకం తీసేశారు, నిజమే. కానీ అది గడ్డకట్టించి పెట్టెల్లో వచ్చే మాంసం. పెద్ద హోటళ్లకు, సూపర్‌మార్కెట్లకు పోతుంది. ఆదివారం పొద్దున కళ్ల ముందు కోసి తూచి ఇస్తే తప్ప కొనని మనవాళ్లు ఉన్నంతకాలం సంతకు దాని సెగ పెద్దగా తగలదు. బెంగళూరులో ఫోన్ యాప్‌లో మటన్ తెప్పించుకునే పిల్లలు పెరుగుతున్నారు, వాళ్ల మాట వేరే. అక్కడ మాత్రం పోటీ వస్తుంది.

## డబ్బు, మోసాలు

"ఎగుమతి కోటా" ఇప్పిస్తానని ఒకాయన యాభై వేలు అడ్వాన్స్ అడుగుతున్నాడు, ఇవ్వమంటారా?

ఇవ్వొద్దు. గొర్రెలకు ఎగుమతి కోటా అనేది లేదు. అలా అడిగేవాడు మూడు మాటలు తప్పకుండా చెబుతాడు: కేంద్రం స్కీము, ఈ వారమే ఆఖరు, బయట చెప్పొద్దు. మా మండలంలో ఒకతను ఒక్కో ఇంటికి పదివేలు వసూలు చేసుకుని, ఒక రోజు జీవాలకు ఫొటోలు తీసుకుని పోయాడు. ఆ ఫోన్ నంబరు మళ్లీ మోగలేదు. చదువుకున్న పిల్లలున్న ఇళ్లవాళ్లే ఎక్కువ ఇచ్చారు, వాళ్లకు ఫోన్లో ఇంగ్లీషు కాగితం పంపాడు మరి. ఎవరైనా వస్తే పథకం పేరు రాసివ్వమని అడగండి. ఆ పేరు పశువైద్యశాలలో చూపించండి.

గల్ఫ్‌లో కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే?

బ్యాంకు ద్వారా లెటర్ ఆఫ్ క్రెడిట్ పెట్టించుకుంటే సరుకు కాగితాలు చేరగానే వాళ్ల బ్యాంకే కడుతుంది. అది కుదరకపోతే ఈసీజీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ దగ్గర బీమా చేయించుకోవచ్చు. కొనేవాడు దివాలా తీసినా, ఆ దేశం డబ్బు బయటికి పోనీయకపోయినా నష్టంలో ఎక్కువ భాగం ఇస్తారు. కొత్తగా దిగే సంఘం తానే ఎగుమతిదారు కాకుండా, ముందు రెండు మూడేళ్లు అపెడా రిజిస్ట్రేషన్ ఉన్న ప్లాంటుకు బరువు లెక్కన పొట్టేళ్లు అమ్మితే మేలు. డబ్బు రూపాయల్లో, వారంలో, లారీ కదిలేముందే సగం. చెక్కు ఇస్తానంటే ముందు అది పాసై ఖాతాలో పడనీయండి, తర్వాతే రెండో లోడు ఎక్కించండి.